ఇంజన్ సంగతి నీకెందుకు?

మన మగవాళ్లకి ఉగ్గుపాలతోనే ఎవరో పట్టించిన మాటలు కొన్ని ఉన్నాయి. "నువ్వు లోపలికి పో." "అవన్నీ నీకు అర్థం కావులే." "ఇంజన్ సంగతి నీకెందుకు?" మొదటి రెండిటి మీదా ఇప్పటికే చాలామంది చాలా రాశారు. మూడోదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. అందుకని నా పోట్లాట ఆ మూడో మాటతోనే.

"ఇంజన్ మీద వ్యాసమా! ఈవిడకి ఇంకేం దొరకలేదా?" అని పేజీ తిప్పెయ్యకండి. ఇది నిజానికి బంగారం గురించి రాస్తున్నది. మన మెడలో ఉండే బంగారం. అది మెడలోంచి తాకట్టు కొట్టుకీ, అక్కణ్ణించి ఇంజన్ కొట్టుకీ ఎలా వెళ్తుందో, వెళ్లాక దాని అయిపూ అజా మనకెందుకు తెలియదో, ఆ సంగతి.

నాయుడుపేటలో నిలబడితే సముద్రం కనిపించదు. కనిపించేది స్వర్ణముఖి ఇసుక, రైలు స్టేషను, మద్రాసు వైపూ నెల్లూరు వైపూ పరుగులు పెట్టే లారీలు. 2022లో ఈ ఊరిని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఊరి నాలుక నెల్లూరు నాలుకే. ఇక్కణ్ణించి తూర్పుకి పోయేకొద్దీ గాలి ఉప్పనవుతుంది. పులికాట్ సరస్సు ఉత్తరపు కొస, వాకాడు వైపు పల్లెలు, దుగరాజపట్నం, ఆ పైన బంగాళాఖాతం. ఆ నీళ్ల మీద ఒకప్పుడు తెరచాపదే రాజ్యం. బకింగ్‌హాం కాలవలో మద్రాసుకి ఉప్పూ కట్టెలూ మోసిన పడవలు గాలి ఉంటే చాప ఎత్తుకుని పోయేవి. గాలి పడిపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానికి వేసుకుని లాగేవాళ్లు.

తరవాత ఇంజన్ వచ్చింది. ఐక్యరాజ్య సమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం చిన్న జాలరుల కోసం ఒక పథకం మొదలుపెట్టింది. రేవూ జెట్టీ లేని ఈ తూర్పు తీరంలో, అలల మీంచి నేరుగా ఇసుకలోకి దూసుకొచ్చే పడవకి చిన్న డీజిల్ ఇంజన్ ఎలా బిగించాలి, ఒడ్డుకి చేరేటప్పుడు ప్రొపెల్లరు ఇసుకలో విరక్కుండా పైకెలా ఎత్తాలి అని ఆ పథకంలో చాలా తలలు పనిచేశాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిపోయాక తీరం పొడుగునా కొత్త పడవలూ కొత్త ఇంజన్లూ పంచారు. మంచిదే. కానీ ఇంజన్ పంచడం ఫోటోలో పడుతుంది. నాజిల్ శుభ్రం చెయ్యడం నేర్పడం ఫోటోలో పడదు. కాబట్టి మొదటిది జరిగినంత ఘనంగా రెండోది ఎక్కడా జరగదు.

పాత తెరచాప పడవ కడుపులో డీజిల్ ఇంజన్ పెట్టుకున్నవాళ్లకి ఆ రెండూ అత్తాకోడళ్ల లాంటివి. ఒకరికి ఒంట్లో బాగులేకపోతే రెండోవారు ఇల్లు నడపాలి. గాలి ఆగిపోతే ఇంజన్ ఇంటికి తెస్తుంది. ఇంజన్ ఆగిపోతే గాలి ఇంటికి తెస్తుంది. రెండూ ఒకేసారి ఆగిపోతే మాత్రం ఒడ్డున ఒక ఆడమనిషి తెల్లవార్లూ సముద్రంలోకి చూస్తూ నిలబడాలి. ఇంజన్ సంగతి ఆవిడకెందుకో ఈపాటికి బోధపడే ఉంటుంది. అయినా ఒక కథ చెబుతాను.

పేరు చెప్పను. చెబితే ఆవిడ భర్తకి కోపం వస్తుంది, ఆ కోపం మళ్లీ ఆవిడే పడాలి. వాళ్లకి సముద్రం మీదికి పోయే పాత చెక్క పడవ ఒకటి ఉంది. కొయ్య ఉంది, తెరచాప ఉంది, కడుపులో ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్ ఉంది. దసరాకి ఆ ఇంజన్‌కి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టేది ఆవిడే. ఒక ఏడాది ఇంటి తలుపులకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ రంగు తెచ్చి, ముచ్చటపడి, దాని ఫ్లైవీలుకి కూడా వేసింది. పూజకి పనికొచ్చిన చెయ్యి, రంగుకి పనికొచ్చిన చెయ్యి! దానికి జబ్బు చేసినప్పుడు మాత్రం ఆ చెయ్యి ఎవరికీ గుర్తురాలేదు.

సంక్రాంతి దాటినప్పటి నుంచీ ఇంజన్ మొరాయిస్తోంది. పొద్దున్నే ఎంత తిప్పినా అందుకోదు, అందుకున్నా తెల్లటి పొగ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో చేపల వేట నిషేధం కదా, ఇంజన్లు విప్పి బాగుచేసుకోవడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. ఆ రోజుల్లోనే మెకానిక్ వచ్చాడు. ఇంజన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. నాలుగుసార్లు తిప్పించి విన్నాడు. మూత తియ్యలేదు, ఒక్క బోల్టు విప్పలేదు. "ఇది పోయిందబ్బయ్యా. కొత్తది దింపుకో" అన్నాడు.

గడప దగ్గర నిలబడి ఆవిడ అడిగింది. "అందులో ఏంది పోయింది?"

"అయన్నీ నీకెందుకు మే! పొయ్యి మీద కూర మాడతా ఉండాది చూసుకో" అన్నాడు భర్త.

కూర మాడలేదు గానీ పది రోజుల్లో ఆవిడ గొలుసు తాకట్టు కొట్టుకి వెళ్లిపోయింది. కొత్త ఇంజన్ వచ్చింది. పాతదాన్ని పాత ఇనప సామాను వాడు కిలోల లెక్కన తూకం వేసి పట్టుకుపోయాడు. ఆ కార్తీకంలో ఆవిడ చుట్టాలింటికి పోతుంటే, దోవలో ఒక చేని గట్టు మీద ఆకుపచ్చ ఫ్లైవీలు గిర్రున తిరుగుతూ కనిపించింది. పక్కన పైపులోంచి ఏనుగు తొండం లావున నీళ్లు. ఆవిడ ఆగి ఆ కుర్రాణ్ణి అడిగింది. వాడు సంబరంగా చెప్పాడు: "పాతసామాను కొట్లో కొన్నామక్కా. హెడ్డు గాస్కెట్ వేసి, కొత్త రింగులు వేసి, నాజిల్ మార్చినాం. అంతే. బంగారం లాంటి ఇంజన్!"

బంగారం లాంటి ఇంజనట! "నవ్వాల్నో ఏడవాల్నో తెలవలా" అంది ఆవిడ నాతో.

ఏడవక్కర్లేదు, నవ్వక్కర్లేదు, పోట్లాడాలి అంటాను నేను. కంసాలి దగ్గరికి పాత గాజులు కరిగించడానికి వెళ్తామా, కుంపటి ముందు పీట వేసుకుని కూర్చుంటాం. తూకం మనం చూస్తాం. కరిగేటప్పుడు రెప్ప వెయ్యం. ఆకురాయి పొడి కూడా కాగితంలో కట్టించుకుని కొంగున ముడేసుకుంటాం. దానికి కంసాలీ నొచ్చుకోడు, మన మగవాళ్లూ తప్పుపట్టరు. పైగా "మా ఆవిడ గట్టిది" అని మురుసుకుంటారు. అదే బంగారం ఇంజన్‌గా మారగానే ఏమొచ్చింది? కుంపటి ముందు కూర్చున్న మనిషి ఇంజన్ షెడ్డు బయట వేపచెట్టు కింద నిలబడాలా? బంగారం మనది, అప్పు మనది, వడ్డీ మనది, మూత విప్పేటప్పుడు చూసే హక్కు మాత్రం మనది కాదా?

"చూస్తే మాత్రం ఏం అర్థమవుతుంది?" అంటారు కదా. అర్థమవుతుంది. వంటింట్లో పాతికేళ్లు పనిచేసిన ఆడదానికి డీజిల్ ఇంజన్ అర్థమైనంత తొందరగా ఇంకెవరికీ అర్థం కాదు.

సైకిలు పంపు గట్టిగా కొడుతుంటే దాని అడుగు వేడెక్కుతుంది. చిన్నప్పుడు అందరం చెయ్యి పెట్టి చూసిన సంగతే. డీజిల్ ఇంజన్ మొత్తం ఆ వేడి మీద నడుస్తుంది. సిలిండరులోని గాలిని సుమారు పదహారో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కితే అది అయిదొందల డిగ్రీలు దాటి కాగిపోతుంది. ఆ కాగిన గాలిలోకి నాజిల్ డీజిలుని సన్నటి తుంపరగా చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది. పెట్రోలు బండికి లాగా నిప్పురవ్వ అక్కర్లేదు. కాబట్టి ఇంజన్ అందుకోవడం లేదంటే ముందుగా వెయ్యాల్సిన ప్రశ్నలు రెండు. గాలి సరిగ్గా నొక్కుడు పడుతోందా? డీజిలు సరిగ్గా చిమ్ముతోందా?

ప్రెషర్ కుక్కరు విజిల్ వెయ్యకపోతే మనం ఏం చేస్తాం? "కుక్కరు పోయింది, కొత్తది దింపుకో" అంటామా? ముందు గాస్కెట్ చూస్తాం. విజిల్ కంతలో మెతుకు అడ్డం పడిందేమో చూస్తాం. మూత సరిగ్గా కూర్చుందా లేదా చూస్తాం. ఇంజన్‌లోనూ అంతే. హెడ్డు గాస్కెట్ కాలిపోయినా నొక్కుడు పోతుంది. వాల్వులు సరిగ్గా కూర్చోకపోయినా పోతుంది. పిస్టన్ రింగులు అరిగినా పోతుంది, అవి తిరిగే లైనరు అరిగినా పోతుంది. ఇక డీజిలు సంగతికొస్తే, పైపులోకి గాలిబుడగ దూరినా, ఫిల్టరు మూసుకున్నా, నాజిల్ తుంపర చిమ్మడానికి బదులు బొట్లు బొట్లుగా కార్చినా, ట్యాంకు అడుగున నీళ్లు చేరినా ఇంజన్ మొరాయిస్తుంది. ఇందులో కొన్ని రోగాలు ఒక పూటలో, ఒక పానాతో నయమవుతాయి. కొన్ని పెద్ద కోతలు. బయటికి మాత్రం అన్నిటి లక్షణమూ ఒకటే: అందుకోదు! బయటినుంచి చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. విప్పి చూడకుండా, కొలవకుండా "పోయింది" అని తేల్చేసేవాణ్ణి వైద్యుడు అనరు, సోదెగాడు అంటారు.

ఇంజన్ తన జబ్బు కొంత తనే చెప్పుకుంటుంది, వినేవాళ్లుంటే. నల్లటి పొగ వస్తే తిండి ఎక్కువై గాలి చాలక ఉక్కిరిబిక్కిరవుతోందని. నీలంగా వస్తే లోపలి ఆయిలు కాలుతోందని, అంటే రింగులో వాల్వు గైడ్లో అరిగాయని అనుమానించాలి. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే డీజిలు పూర్తిగా మండకుండా పోతోంది, లేదా లోపలికి నీళ్లు చేరుతున్నాయి. ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి చూడండి. నల్లగా ఉంటే మామూలే. మజ్జిగలా తెల్లగా చిక్కగా ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. ఉప్పునీళ్లయితే ఆ రోజే తీసి కడిగించాలి. ఊరగాయ జాడీలో తడిగరిట పెట్టినదానికన్నా తొందరగా పాడవుతుంది. మజ్జిగని గుర్తుపట్టడానికి ఐ.టి.ఐ.లో సీటు కావాలా?

పడవ ఇంజన్‌కి చేని ఇంజన్‌కి లేని కష్టం ఇంకోటుంది. అది నీటిమట్టానికి దిగువన, పడవ అడుగున కూర్చుంటుంది. సముద్రపు నీటితో చల్లబడి, ఆ నీటినే పొగగొట్టంలోకి వదిలే రకం ఇంజన్లు ఉన్నాయి. అవి అందుకోనప్పుడు మొండిగా తిప్పుతూనే ఉంటే నీళ్ల పంపు మాత్రం పనిచేస్తూ నీళ్లు తోడుతూనే ఉంటుంది. ఆ నీళ్లని బయటికి తన్నే పొగ మాత్రం ఉండదు. పొగగొట్టం నిండి, ఆ నీళ్లు వెనక్కి తిరిగి సిలిండరులోకి దిగుతాయి. అంటే పదిపైసల గాలిబుడగతో మొదలైన రోగం, మన మగవాళ్ల పౌరుషం వల్ల పెద్ద ఆపరేషనులోకి దిగుతుందన్నమాట. "ఎక్కువసేపు తిప్పేటప్పుడు నీళ్ల కొళాయి కట్టు" అని పక్కనుంచి చెప్పే మనిషి ఒకరు ఉంటే చాలు, ఇంజన్ బతికిపోతుంది. ఆ మనిషి చీర కట్టుకుంటే వచ్చిన నష్టమేమిటి?

ఇంజన్ విప్పాక చెయ్యాల్సింది కొలత. లైనరు పైన, మధ్య, అడుగున ఎంత అరిగిందో కొలుస్తారు. క్రాంకు గుండ్రంగా ఉందో, కోడిగుడ్డులా సాగిందో మైక్రోమీటరుతో చూస్తారు. షెడ్డులో దీన్ని "థౌ" లెక్కన చెప్పుకుంటారు. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. మన తలవెంట్రుక మందం సుమారుగా రెండు మూడు థౌలు. జడలో పాయ లావు చేత్తో పట్టి చెప్పగలిగిన మనకి వెంట్రుకవాసి లెక్కలు కొత్తా? లైనరు మార్చుకునే రకమైతే పాతది తీసి కొత్తది దించుతారు. క్రాంకు అరిగితే గ్రైండింగు పట్టించి, దానికి తగిన సైజు బేరింగులు వేస్తారు. వాల్వులు పొడి పెట్టి నూరి కూర్చోబెడతారు. నాజిల్ని పరీక్షకి పంపిస్తారు. ఆ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి చేతికిస్తే, ఇంజన్ బతుకుతుందా చస్తుందా అన్నది నాలుగో తరగతి లెక్క.

ఇల్లు అలకగానే పండగ కాదు. బాగుచేసిన ఇంజన్ని తిరిగి పడవలో దించి షాఫ్టుకి కలిపేటప్పుడు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఫిల్లర్ గేజితో చూడాలి. అదీ పడవ నీళ్లలోకి దిగాక మళ్లీ చూడాలి. ఒడ్డున బల్లల మీద కూర్చున్న పడవ ఆకారం వేరు, నీళ్లలో తేలే పడవ ఆకారం వేరు. ఆ కాస్త తేడాకే షాఫ్టు కొట్టుకుని బేరింగులు తింటుంది. తరవాత మొదటి కొన్ని గంటలూ బాలింతని చూసుకున్నట్టు చూసుకోవాలి. ఒక్కసారిగా పూర్తి బరువు వెయ్యకూడదు, అలాగని ఊరికే నెమ్మదిగా తిప్పుతూ కూర్చోబెట్టకూడదు. కంపెనీ పుస్తకం చెప్పిన గంటలకి ఆయిలు మార్చాలి. ఇవేవీ బలం చూపించే పనులు కావు, ఓపిక పట్టే పనులు. ఓపిక ఎవరి దగ్గర ఉందో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు ఎదుటివాళ్ల వాదన కూడా విందాం. న్యాయం న్యాయమే.

"సముద్రం మీద ప్రాణాలతో చెలగాటమా? పాత ఇంజన్ని ఎలా నమ్ముతాం?" అంటారు. మంచి మాట. నేను పాతదాన్ని గుడ్డిగా నమ్మమనడం లేదు. బ్లాకు పగిలి ఉంటే, క్రాంకు ఇక గ్రైండింగుకి కూడా పనికిరానంత అరిగి ఉంటే, సామాను ఎక్కడా దొరకని ఇంజనైతే, దండం పెట్టి తూకానికి వెయ్యాల్సిందే. కొత్తది తక్కువ డీజిలు తాగుతుందా? అదీ లెక్కలోకి తీసుకోండి. నా పోట్లాటల్లా ఆ లెక్క కాగితం మీద ఉండాలని, గొలుసు ఎవరిదో వాళ్ల ముందు తేలాలని. పైగా కొత్తదాన్ని మాత్రం గుడ్డిగా ఎలా నమ్ముతారు? పాత ఇంజన్ని చంపిన ఉప్పునీళ్లూ, మార్చని ఆయిలూ, కడగని ట్యాంకూ ఇంకా అక్కడే ఉన్నాయి కదా! చంపినవాణ్ణి ఇంట్లోనే పెట్టుకుని కొత్త కోడల్ని తెచ్చుకుంటే ఆ పిల్ల మాత్రం ఎన్నాళ్లుంటుంది?

"మెకానిక్కుల్ని దొంగలంటున్నారు" అని ఇంకో వాదన. ససేమిరా అనడం లేదు. ఒంటినిండా నల్లటి ఆయిలు పూసుకుని, వేళ్లు చితక్కొట్టుకుని, వెంట్రుకవాసి తేడాని చేతి స్పర్శతో పట్టే పనివాడంటే నాకు చేతులెత్తి నమస్కారం చెయ్యాలనిపిస్తుంది. కానీ అతనికి మనవాళ్లు ఇచ్చేదేమిటి? గాస్కెట్‌కి కొట్లో అడిగినంతా ఇచ్చి, రెండు రోజులు ఒళ్లు హూనం చేసుకున్న కూలి దగ్గర గీచి గీచి బేరమాడతారు. బాగుచేస్తే బేరం, కొత్తది కొనిపిస్తే కొట్టువాడి కమీషను. ఏ మనిషైనా ఎటు మొగ్గుతాడు? మంచి పనివాణ్ణి మంచిగా ఉంచాలంటే అతని పనికి కూలి ఇవ్వాలి. అడిగే ప్రశ్నని చూసి మంచి మెకానిక్ చిరాకుపడడు. తన పని చూసే కళ్లు దొరికినందుకు ఇంకో నాలుగు సంగతులు చెబుతాడు. చిరాకుపడేవాడు ఎవడో అప్పుడే తెలిసిపోతుంది.

ఇక "ఆడవాళ్లకీ ఇంజన్లకీ ఎక్కడ పొత్తు?" అనేవాళ్లకి రెండు జర్మనీ ఇల్లాళ్ల కథలు చెబుతాను.

మొదటావిడ బెర్తా. పెళ్లికి ముందే, 1871లో, తన కట్నం డబ్బు తెచ్చి కాబోయే మొగుడు కార్ల్ బెంజ్ వ్యాపారంలో పెట్టింది. ఆయన తయారుచేసిన పెట్రోలు బండిని జనం నమ్మకపోతే, 1888 ఆగస్టులో ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైం నుంచి ఫోర్జైంలోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైగా తోలుకుపోయింది. దోవలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. డబ్బూ ఆవిడదే, బండి లోపలి సంగతీ ఆవిడకి తెలుసు.

రెండో ఆవిడ మార్తా. మన డీజిల్ ఇంజన్‌కి పేరిచ్చిన రుడాల్ఫ్ డీజిల్ గారి భార్య. 1897లో ఆయన ఇంజన్ పనిచేసి లోకమంతా ఆయన్ని మెచ్చుకుంది. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండుకి పోతున్న ఓడ మీద ఆయన కనిపించకుండా పోయాడు. ప్రయాణానికి ముందు భార్య చేతికి ఒక సంచీ ఇచ్చి వారం దాకా విప్పొద్దన్నాడట. విప్పితే అందులో రెండు లక్షల మార్కుల నగదూ, బ్యాంకుల్లో ఇక ఏమీ మిగల్లేదని చెప్పే కాగితాలూ ఉన్నాయని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ప్రపంచానికి ఇంజన్ ఇచ్చినవాడి ఇల్లాలికి, ఇల్లు ఏ స్థితిలో ఉందో ఆయన పోయాక సంచీలోంచి తెలిసింది!

బెర్తాలా బతకాలా, మార్తాలా సంచీ విప్పుకోవాలా? మీరే చెప్పండి.

అంత దూరం ఎందుకు, మన పిల్లలే ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి "తారిణి" అనే నౌకాదళపు తెరచాప పడవ మీద ఆరుగురు ఆడపిల్లలు భూమి చుట్టి రావడానికి బయల్దేరారు. వాళ్లలో ఇద్దరు మన తెలుగు పిల్లలు, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు. 2018 మే 21న తిరిగి గోవా చేరారు. చివరి మజిలీలో చుక్కాని తిప్పే ఏర్పాటుకి దెబ్బ తగిలితే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని మళ్లీ బయల్దేరారు. అంత సముద్రం మధ్యలో "ఇవన్నీ మీకెందుకమ్మా" అనడానికి ఎవరూ లేరు, పిలిస్తే వచ్చే మెకానిక్కూ లేడు. పడవలో ఏది ఎక్కడుందో, ఎందుకుందో తెలియకుండా ఒక్క పూట గడవదు. వాళ్లు పెసిఫిక్ తుపాను దాటారు. మనం మన ఊరి ఇంజన్ షెడ్డు గుమ్మం దాటలేమా?

గుమ్మాలు దాటడం నెల్లూరు జిల్లా ఆడవాళ్లకి కొత్త కూడా కాదు. 1992లో దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టు ముందుకి వెళ్లి నిలబడ్డారు. అప్పుడూ "సారా సంగతి మీకెందుకు?" అన్నవాళ్లున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అయింది. ఆ కదలికలోంచే పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. సంతకం పెట్టి అప్పు తెచ్చుకోవడం మనవాళ్లకి బాగా వచ్చింది. కానీ ఆ సంతకంతో వచ్చిన డబ్బు ఏ గాస్కెట్లో, ఏ బేరింగులో చేరిందో అడగడం ఇంకా రాలేదు. సగం దోవలో ఆగిపోయాం.

మిగతా సగం నడవడానికి విప్లవం ఏమీ అక్కర్లేదు. మీరు పడవ ఉన్న ఇంటివారైనా, చేలో ఆయిల్ ఇంజన్ ఉన్న ఇంటివారైనా, సంఘంలో అప్పు అర్జీలు చూసే లీడరైనా, బ్యాంకు బల్లకి అవతల కూర్చునే ఉద్యోగిని అయినా ఈ నాలుగు పట్టుపట్టండి. ఇంజన్ విప్పే రోజున మనం అక్కడ ఉండాలి, మనకో స్టూలు వెయ్యాలి. విప్పి కొలిచిన కొలతలు కాగితం మీద రాసి మన చేతికివ్వాలి. ఆ కాగితం లేకుండా "ఇంజన్ పోయింది, కొత్తదానికి అప్పు కావాలి" అంటే సంఘం సంతకం పెట్టకూడదు. మార్చిన పాత రింగులూ, పాత బేరింగులూ, పాత గాస్కెట్టూ బుట్టలో వేసి మన ఇంటికి పంపాలి. కంసాలి దగ్గర ఆకురాయి పొడి కట్టించుకున్నట్టే. ఆఖరిది, మెకానిక్కు కూలి దగ్గర బేరం ఆడకూడదు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికైనా "ఆడదానివి, ఇంజన్ సంగతి నీకెందుకు?" అని ఎవరైనా అడిగితే జవాబు వెతుక్కోకండి. ఉపన్యాసం ఇవ్వకండి. గొలుసు లేని మెడ చూపించండి, చాలు.